ఇసుకలో రాసిన అక్షరం మన తండా దాకా రావడానికి పట్టిన కాలం

పోస్ట్ పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదవండి. ఎండాకాలం సెలవుల్లో మా హాస్టల్ పిల్లోళ్లం కొందరం తండాల్లో, కాలనీల్లో చిన్న పిల్లలకు చదవడం నేర్పాలని అనుకుంటున్నాం అని పెడితే, ఒక అన్న ఇట్ల రాసినాడు: "అది టీచర్ల పని. మీరు గ్రూప్స్‌కు చదువుకోండి. మీ ఇంట్లో మీరే ఫస్ట్ కాలేజీ గడప తొక్కింది, ముందు మీరు నిలబడండి." అన్న మాటలో ప్రేమ ఉంది, కాదనడం లేదు. అయితే చదవడం నేర్పేది ఎప్పుడూ టీచరు ఒక్కడే కాదని, పక్కన కూర్చునే మనిషి ఇంకొకరు ఉండేవారని, ఆ మనిషి మన వాళ్లకు లేకుండా చేసిన చరిత్ర ఒకటి ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మన సీమ నుంచే మొదలుపెడదాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఇవన్నీ 1800లో నిజాం కుంపిణీ వాళ్లకు ఇచ్చేసిన దత్తమండలాల్లోవి. ఆ మండలాలకు మొదట కలెక్టరుగా చేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరు అయినాడు. 1822 జూన్‌లో ఆయన అన్ని జిల్లాల కలెక్టర్లకు ఒక ఉత్తరువు పంపినాడు: మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెంతమంది, ఏ కులమోళ్లు, లెక్క రాసి పంపండి అని. 1826లో ఆయన తేల్చిన మొత్తం చూస్తే మద్రాసు రాజ్యంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఇంగ్లీషోళ్లు రాకముందు మన దేశంలో బడే లేదనుకునేవాళ్లకు ఈ అంకె ఒక జవాబు. మనకు మాత్రం అందులో ఇంకో సంగతి ఉంది, దానికి తర్వాత వస్తాం.

ఆ నివేదికల్లో అన్నిటికంటే వివరంగా రాసింది మన పక్క జిల్లా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్, 1823 ఆగస్టులో. అప్పుడు బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం కూడా అందులోదే, అంటే పులివెందులకు పక్కూరు కిందే లెక్క. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. జనాభా తొమ్మిది లక్షల పైమాటే, కాబట్టి వెయ్యిమందికి ఏడుగురు కూడా బడిలో లేరు. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. తెలుగు చెప్పే బడులు 226, కన్నడం చెప్పేవి 235. ఇంగ్లీషు చెప్పేది ఒకే ఒక్కటి. ఇప్పుడు మన ఊళ్లలో ఇంగ్లీషు మీడియం బోర్డు లేని బడి కోసం వెతకాలి, అది వేరే సంగతి.

ఆ బడి ఎట్ల నడిచేదో క్యాంబెల్ రాసింది చదువుతుంటే కళ్లముందు కనిపిస్తాది. పిల్లోడికి ఐదేళ్లు వస్తే అయ్యవారిని, బడి పిల్లలను ఇంటికి పిలిచి అక్షరాలు మొదలుపెట్టిస్తారు. పొద్దున్నే బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లోడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా పెడతారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతా పోతాయి. (హాస్టల్లో లేటుగా లేచే మా రూమ్మేట్లకు ఈ పద్ధతి చదివి వినిపించినాం. సరస్వతి పేరు ఎవరికీ దక్కేట్టు లేదు.) అక్షరాలు మొదట నేల మీద ఇసుకలో వేలితో రాయాలి. పుస్తకం లేదు, పలక లేదు, ఖర్చు లేదు. అయ్యవారు ఒక్కడే అందరికీ చెప్పడు. పెద్ద తరగతి పిల్లోడు చిన్నోడి పక్కన కూర్చుని చెప్తాడు, అయ్యవారు అందరినీ కనిపెట్టుకుంటాడు. ముందు నేర్చినోడు వెనకొచ్చినోడికి నేర్పడం, బడి అంతా దాని మీదే నడిచేది.

ఈ పద్ధతి ఇక్కడితో ఆగిపోలేదు. మద్రాసు ఎగ్మూరులో సోల్జర్ల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్ అనే పాదిరి, వీధి బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసినాడు. తన దగ్గర జీతానికి ఉన్న టీచర్లు ఇసుకలో నేర్పడానికి ఒప్పుకోకపోతే, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లోడికి చిన్న తరగతి అప్పగించినాడు. ఆ పిల్లోడు నేర్పినాడు. బెల్ 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేసినాడు. ఇంగ్లండులో పేదపిల్లల బడులు ఆ దారిలోనే పెరిగినాయి, దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరే పడింది. క్యాంబెల్ కూడా తన నివేదికలో ఒప్పుకున్నాడు, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఈ పద్ధతిని ఇంగ్లండు తీసుకోవడం తగినదే అని. కాబట్టి 'వాలంటీర్' అనే మాట ఇంగ్లీషుదైనా పని మాత్రం మన నేలదే.

ఆ బడిని మేము పొగడ్తానికే ఇది రాయడం లేదు. క్యాంబెలే ఇంకో మాట రాసినాడు: పిల్లలు పద్యాలు పద్యాలు అప్పజెప్తారు గానీ వాటి అర్థం వాళ్లకు తెలీదు, చిలక పలుకుల్లాంటివి అని. అది గ్రాంథిక భాష, ఇంట్లో మాట్లాడేది వేరే భాష. ఇప్పుడు రెండు వందల ఏళ్ల తర్వాత మేము ఆదివారాలు పోయి కూర్చునే తండాలో నాలుగో తరగతి పిల్లోడు ఒకడు పాఠం మొత్తం గడగడా చదివినాడు. వేలు మాత్రం పై లైన్లో ఉండిపోయింది. పుస్తకం మూసి అదే పాఠంలోని ఒక మాట పలక మీద రాస్తే చదవలేకపోయినాడు. వాడి తెలివికి వచ్చిన తక్కువేమీ లేదు. విని విని పాఠం మొత్తం గుర్తుపెట్టుకున్నాడంటే మాకంటే జ్ఞాపకం ఎక్కువే. చదవడం ఒకటి, అప్పజెప్పడం ఒకటి అని వాడికి ఎవరూ చెప్పలేదు, పక్కన కూర్చుని వేలు ఎక్కడుందో చూసే మనిషి లేరు, అంతే.

దేశమంతా ఇదే గోల. 2005 నుంచి 'అసర్' అని ఒక సర్వే జరుగుతుంది. వాలంటీర్లు ఊరూరా ఇంటింటికీ పోయి, పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. దాంట్లో అక్షరాలు, మాటలు, నాలుగు లైన్ల చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఐదో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినోళ్లు 2018లో నూటికి 50.5 మంది. కరోనా తర్వాత 2022లో 42.8కి పడిపోయింది. అంటే సగం మందికి పైగా మూడేళ్లు వెనకబడి ఉన్నారు. ఆరో తరగతిలో సైన్సు, సోషల్ పుస్తకం ముందు ఈ పిల్లోడు ఏం చేస్తాడు? ఏడో తరగతికి నాయనతో సుగ్గికి పోతాడు. మన తండాల్లో డ్రాపౌట్ అని రాసుకునేది ఆ రోజు మొదలైంది కాదు, రెండో తరగతిలోనే మొదలై ఉంటాది.

ఇప్పుడు మన్రో లెక్కల్లో మన సంగతికి వద్దాం. కలెక్టర్లకు పంపిన ఫారంలో గడులు ఇట్లున్నాయి: బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, మిగతా కులాలు, ముసల్మానులు. సుగాలి, ఎరుకల, యానాది అని గడి లేదు. ఉంటే గింటే ఆ 'మిగతా'లో ఉండాల. ఆ రోజుల్లో మనవాళ్లు ఊళ్లో స్థిరంగా లేరు కూడా. సుగాలీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు దేశమంతా మోసినారు. టిప్పు మీద కారన్‌వాలిస్ యుద్ధానికి పోయినప్పుడు ఇంగ్లీషు దండుకు తిండిగింజలు అందింది బంజారాల ఎద్దుల మీదనే. ఎరుకలోళ్లు గాడిదల మీద ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో అమ్మేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు. ఇన్ని వందల ఎద్దులు, ఇన్ని బస్తాలు, ఏ ఊళ్లో ఏ ధర, ఎవరు ఎంత బాకీ, ఇదంతా కాగితం లేకుండా తలలో పెట్టుకున్నవాళ్లకు చదువు రాదనడం మాకు నవ్వొస్తాది. వాళ్లు పిల్లలకు నేర్పేది నడిచే దారిలోనే, పెద్దోళ్ల పక్కనే. ఇసుకలో రాసే బడి ఎట్లనో అట్లనే, అక్షరం ఒక్కటే లేదు.

1871 అనే సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయే రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి రైలుతో కలిసింది. ఉప్పు, ధాన్యం రైలెక్కినాయి. ఎద్దులు, గాడిదలు మిగిలినాయి, వాటి మీద వేసే బరువు పోయింది. అదే 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజ్యానికి కూడా తెచ్చినారు. బతుకుదెరువు పోగొట్టుకున్నోళ్ల మీద, తిరుగుతున్నారు కాబట్టి దొంగలు అని ముద్ర. పుట్టుకతోనే నేరస్థుడు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు.

ఈ చట్టం గురించి గ్రూపులో చాలాసార్లు మాట్లాడుకున్నాం, మళ్లీ మొత్తం రాయం. పిల్లల సంగతి మాత్రం చెప్పాల. 1911 చట్టంలో ఒక సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారం సర్కారుకు ఉంది. 1913లో బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పినారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు ఇంకొకటి. ఎక్కడెక్కడి ఎరుకల కుటుంబాలనో తెచ్చి అక్కడ పెట్టినారు. అక్కడ బడి ఉంది, నిజమే. అక్కడ చదివి పైకొచ్చినోళ్లూ ఉన్నారు, ఆ మిషనరీల్లో మంచోళ్లూ ఉండొచ్చు. కానీ ఆలోచించండి, మన వాళ్లలో చాలామందికి బడి అనేది మొదటిసారి ఎదురైంది ఎట్ల? హాజరు పట్టీతో, కంచెతో, పిల్లను తల్లి దగ్గర్నుంచి తీసుకుపోయే అధికారంతో. ఊళ్లో పిల్లోడికి అయ్యవారు ఇంటికొచ్చి అక్షరం దిద్దించినాడు. మన పిల్లోడిని ఇంటి నుంచి తీసుకుపోయి దిద్దించినారు. రెండిట్లోనూ 'అ' ఒకటే. చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. భయం ఆ తేదీన పోలేదు. బడి నుంచి ఎవరైనా వస్తే జేజి పిల్లోడిని లోపలికి పొమ్మనేదని మన ఇళ్లల్లో చెప్పుకునే మాటలకు వెనక ఇది ఉందని మా నమ్మకం. దాన్ని 'చైతన్యం లేకపోవడం' అని రాసే ప్రాజెక్టు రిపోర్టులు చూస్తే మాకు కోపం వస్తాది.

అదే కాలంలో దీనికి పూర్తిగా ఎదురు దారిలో పోయిన మనిషి ఒకరున్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని బడిలో ఆయన ఫోటోకు దండ వేసి, వ్యావహారిక భాష అని నాలుగు మాటలు చెప్పి లడ్డు పంచుతారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో టీచరు. ఆయన తెలుగు కోసం కొట్లాడటానికి ముందే సవర భాష నేర్చుకున్నాడని మాకు ఇంటర్ దాకా ఎవరూ చెప్పలేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవర భాషలోనే పుస్తకాలు రాసినాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకు జీతాలు తనే ఇచ్చినాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చినాయి. అంటే ముప్పై నలభై ఏళ్ల పని. పెద్ద కులంలో పుట్టి, పెద్ద చదువు చదివిన మనిషి ముందు తను పిల్లోడై మన లాంటి వాళ్ల దగ్గర కూర్చున్నాడు, తర్వాతే నేర్పినాడు. మాకు ఆయనలో నచ్చేది ఇదే. పిల్లోడి నోట్లో ఏ మాట ఉందో ఆ మాట నుంచే అక్షరం మొదలుకావాల అని ఆయన పట్టు. తెలుగు వాడుక భాష గురించి తర్వాత ఆయన చేసిన వాదన కూడా అదే గదా.

సర్కారు దాకా ఆ మాట చేరడానికి దగ్గరదగ్గర వందేళ్లు పట్టింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చి ప్రాథమిక తరగతుల్లో మొదలుపెట్టినారు: గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. ఎరుకల లేదు. ఈ పనులన్నీ ఎక్కువగా ఏజెన్సీ చుట్టూ తిరుగుతాయి. రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. మైదానం ఎస్టీలం మనం, అందరి బడిలో ఒక మూల.

ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీల అక్షరాస్యత 1961లో నూటికి 4.41, 1981లో 7.82. ఇరవై ఏళ్లకు మూడున్నర శాతం కూడా పెరగలేదు. 1991లో 17.16, 2001లో 37.04. ఎనభైల తర్వాత ఏదో కదిలింది. బడులు, హాస్టళ్లు పెరిగినాయి, అది పెద్ద కారణమే, మేమే దానికి సాక్ష్యం. దాంతో పాటు ఇంకొకటి జరిగింది. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైన తర్వాత జిల్లాలకు జిల్లాలు వాలంటీర్లతో కదిలినాయి. మన పక్క నెల్లూరు జిల్లాలో 1991లో సాయంత్రం పూట పెద్దోళ్ల చదువు కేంద్రాలు నడిచినాయి. పదో తరగతి, ఇంటర్ చదివిన ఊరి పిల్లోళ్లు జీతం లేకుండా చెప్పినారు. అక్కడ 'సీతమ్మ కథ' అనే పాఠం చదివిన ఆడవాళ్లు దూబగుంటలో సారా అంగడి మూయించిన సంగతి, అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయిన సంగతి అందరికీ తెలుసు. చదివిన పాఠంలో తమ బతుకే కనిపించింది కాబట్టి చదువు ఆ పని చేసింది. చిలక పలుకులకు అంత బలం ఉండదు. అదే 1991లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పనిలోకి పోయే పిల్లలను బడికి మళ్లించడం మొదలుపెట్టింది. అక్కడ కూడా ఇల్లిల్లు తిరిగి అమ్మానాన్నలను ఒప్పించింది, క్యాంపుల్లో పిల్లల పక్కన కూర్చుంది ఎక్కువగా ఊళ్లో మొదటితరం చదువుకున్న యువకులే. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఇప్పుడు ఇంటి సంగతి. మన్రో లెక్కల్లో ఇంకో సంగతి ఉందన్నాం గదా, అది ఇదే. మద్రాసు పట్నంలో బడిలో చదివే పిల్లలకంటే ఇంట్లో అయినవాళ్ల దగ్గర, సొంత అయ్యవార్ల దగ్గర చదివే పిల్లలు ఐదు రెట్లు ఎక్కువ, 26,963 మంది అని లెక్క వచ్చింది. ఆ అంకెలో ఏదో తప్పు ఉండొచ్చని మన్రోనే అనుమానపడినాడు. సగానికి తగ్గించినా బడికంటే ఇల్లే ఎక్కువ. చదువుకున్న కులాల బలం ఎక్కడుందో అక్కడ తెలుస్తాది. బడి మూసినా వాళ్ల ఇల్లు మూయరు. మన ఇంట్లో అమ్మకు సంతకం రాదు, నాయన పొద్దున ఆరుకే పనికి పోతాడు. అందుకే చాలామంది మన వాళ్లు 'మాకేం తెలుసు నాయనా, మీరే చూడండి' అంటారు.

చదువు రాని అమ్మ ఏమీ చేయలేదనేది మాత్రం మేము ఒప్పుకోం. మేము తండాలో చేసేది ఇది. అరగంట. పిల్లోడు చిన్న కథ ఒకటి వేలు పెట్టి చదవాల. తర్వాత పుస్తకం మూసి ఆ కథను తండా మాటలో వాళ్ల యాడికి చెప్పాల. అర్థం కాకుండా చదివి ఉంటే అక్కడే దొరికిపోతాడు, ఎందుకంటే యాడి మధ్యలో ఆపి 'ఎందుకు పోయినాడు, ఎవరితో పోయినాడు' అని అడుగుతాది. అక్షరం రాని మనిషి ఇంతకంటే మంచి పరీక్ష ఇంకెవరు పెడతారు? ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంట్లో మూడో భాష. బాటి, పాణి అనే మాటలు పలక మీద తెలుగు అక్షరాల్లో రాసి చూపిస్తే, మన మాట కూడా రాయొచ్చా అని పిల్లలు ఎగబడి చూసినారు.

పుస్తకాలు లేవనేది పెద్ద అడ్డు కాదు. రేషన్ కార్డు, ఉపాధి పని జాబ్ కార్డు, సబ్బు కవరు, గోడ మీద సినిమా పోస్టరు, బస్సు బోర్డు, అన్నీ చదివేవే. మాకు బస్సు బోర్డులే బాగా పనికొచ్చినాయి. 'పులివెందుల'లో ఒత్తు లేదు, ఒక సున్నా తప్ప. 'జమ్మలమడుగు'లో ఒకే ఒత్తు, అదీ తన అక్షరానికి తనే. 'ప్రొద్దుటూరు'లో మొదటి అక్షరానికే రావత్తు, పక్కన ద్దు, ఆ తర్వాత టూకు దీర్ఘం. మూడు బోర్డులు వరసగా చదివితే ఒత్తుల పాఠం అయిపోయింది. ప్రొద్దుటూరు చదివిన పిల్లోడు ఇంక ఏదైనా చదువుతాడు. దుకాణం బోర్డుల మీద సగం మంది 'పొద్దుటూరు' అనే రాసుంటారు, పిల్లలు అది పట్టుకుని మమ్మల్ని అడుగుతారు, ఏది రైటు అని. గిడుగు గారు ఉంటే ఏమనేవారో.

ఇంకో సంగతి గమనించినాం. మేము వారానికి ఒకసారి పోతాం. మిగతా ఆరు రోజులు నడిపేది అక్కడి ఆడపిల్లలే. ఆరో తరగతి, ఏడో తరగతి చదువుతా, చంకలో తమ్ముడినో చెల్లెలినో ఎత్తుకుని తిరిగే పిల్లలు. వాళ్లకు ఎవరూ చెప్పకుండానే చిన్నోళ్లను కూర్చోబెట్టి, పుల్లతో నేల మీద రాసి దిద్దిస్తున్నారు. బళ్లారి కలెక్టరు లెక్కలో 60 మందే ఉన్న ఆడపిల్లలు ఇప్పుడు మన తండాలో బడి నడుపుతున్నారు. వాళ్ల చదువు దీనివల్ల చెడకూడదు, అది మేము చూసుకోవాల. అందుకే ఒక్కొక్కరికి ముగ్గురు పిల్లలకంటే ఎక్కువ అప్పజెప్పడం లేదు, అరగంట దాటనీయడం లేదు.

గ్రూప్స్‌కు చదువుకోమన్న అన్నకు మా జవాబు: చదువుకుంటాం అన్నా, పొద్దున నాలుగు గంటలు దానికే. సాయంత్రం అరగంటకు మా సిలబస్ ఏమీ పోదు.

ఈ గ్రూపులో ఎరుకల, యానాది ఇళ్ల నుంచి ఉన్నోళ్లను ఒకటి అడుగుతున్నాం. సుగాలి మాటలో కథలు మా దగ్గర పదకొండు పోగైనాయి. ఎరుకల మాటలో ఒక్కటీ లేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వ చెప్పే కథ, రెండు మూడు నిమిషాలది చాలు, ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. పొట్టి మాటలు ఉండేవి అయితే ఇంకా మంచిది. మే మొదటి వారంలో హాస్టల్లో కూర్చుని వాటిని తెలుగు అక్షరాల్లో రాస్తాం. రాసింది మళ్లీ ఆ అవ్వకే చదివి వినిపించి, ఎక్కడ తప్పు పలికినామో ఆమెతోనే దిద్దించుకుంటాం.